రేపు నా పక్కన కూర్చోకు

సలహాల్రావు మాట వినడమే తను చేసిన మొదటి తప్పని సెలూన్ నడిపే కత్తికి గట్టి నమ్మకం. సలహాల్రావంటే భార్యకు అన్నగారు. "నువ్వెలాగూ చదువుకోలేదు బావా, పిల్లనైనా పెద్ద స్కూల్లో వెయ్యి" అని చెవిలో జోరీగలా రొదపెట్టి, మేనకోడల్ని డాక్టర్ల పిల్లలు చదివే బడిలో చేర్పించింది ఆయనే. అప్పట్నుంచీ కుళాయిలో నీళ్లు రాకపోయినా కత్తి ముందు ఆయన్నే తిట్టేవాడు.

ఆ ఉదయం సెలూన్‌లో గడ్డం కత్తి ఒకటి కనబడలేదు. కొమ్ముపిడి ఉన్న పాతకాలపు కత్తి, తండ్రి చేతిది. వీధిలో వాళ్లు అతన్ని కత్తి అని పిలవడం దానివల్లే మొదలైంది.

"ఎవరు తీశారో చెప్పండి. లేకపోతే ఒక్కొక్కరి పీక కోస్తా."

"దేంతో కోస్తారు? పోయింది అదే కదా," అంది భార్య, టీ గ్లాసు అద్దం ముందు పెడుతూ.

ఆ ఇంట్లో ఆ మాటకు విలువ అంతే. ఆలస్యంగా వచ్చిన గిరాకీకీ, అన్నం వదిలేసిన కూతురికీ అదే పలకరింపు. ఆ మాట అన్నవాడు ఏనాడూ పిల్ల మీద చెయ్యెత్తింది లేదు.

టీ చల్లారకముందే స్కూలు నుంచి ఫోను వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వెంటనే రావాలట.

"మీ అన్న పెట్టిన చిచ్చే ఇది," అని దారంతా గొణిగాడు కత్తి. భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నడిచింది.

ప్రిన్సిపాల్ గదిలో కౌన్సెలరమ్మ కూడా ఉంది. కూతురు పక్క గదిలో ఒక టీచరు దగ్గర కూర్చుని ఉందనీ, ఎవరూ ఏమీ అనలేదనీ ఆమె ముందే చెప్పింది.

"పీక కోస్తా అని ఉంటుంది, అంతేగా?" కత్తి నవ్వబోయాడు. "మా ఇంట్లో అది గుడ్‌మార్నింగ్ లాంటిదమ్మా."

"ఆ మాటకి మేం పిలవం అండీ," అంది కౌన్సెలరమ్మ. "అలాంటివి రోజూ వింటాం. అన్నవాళ్లు చల్లారి, విన్నవాళ్లు నవ్వేస్తే అక్కడితో సరి. మీ అమ్మాయి అరవలేదు. నిన్న తన స్నేహితురాలి చెవిలో, 'రేపు నా పక్కన కూర్చోకు' అంది. ఆ పిల్ల భయపడి ఇంట్లో చెప్పింది. అరుపు కంటే ఇలాంటి మాటే మమ్మల్ని నిద్రపోనివ్వదు. ఎవరి మీద, ఎప్పుడు అన్నది మనసులో తేల్చేసుకున్నవాళ్లే అలా అంటారు."

కత్తి కుర్చీ అంచుకి జరిగాడు.

"అన్నం సరిగా తింటోందా?"

"డబ్బా నిండుగానే తిరిగొస్తోంది," అంది భార్య మెల్లిగా.

"కారణం ఇవాళే తెలిసింది. వెనక బెంచీ పిల్లలు అందులో తెగిన జుట్టు వేస్తున్నారు. మీ నాన్న ఊడ్చిందే తిను అంటున్నారట." కౌన్సెలరమ్మ కత్తి వైపు తిరిగింది. "సంచి వెతికాం, ఏమీ లేదు. మీ షాపులో కత్తులన్నీ ఉన్నాయా?"

భార్య చప్పున అతని వైపు చూసింది.

"ఉన్నాయి," అన్నాడు కత్తి.

ప్రిన్సిపాల్ ఊపిరి పీల్చుకుంది. "అయితే ఇప్పటికి క్లాసుకి పంపుదాం. రోజూ ఒక కంట కనిపెడుతూ ఉంటాం."

బయట గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ వరండాలో పరిగెత్తారు. కత్తికి కుర్చీలో కాలు నిలవలేదు. నిజం చెబితే పిల్ల చదువుకి నీళ్లొదులుకోవాలి. చెప్పకపోతే? కొత్త చేతిలో కత్తి ముందు పట్టుకున్నవాళ్లనే కోస్తుందని తండ్రి ఎన్నిసార్లు చెప్పాడో. కూతురి వేళ్లు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు అద్దం మీది నురగలో బొమ్మలు గీసిన వేళ్లు.

"ఉండండమ్మా. పంపకండి." లేచి నిలబడ్డాడు. "అబద్ధం చెప్పాను. ఒకటి లేదు."

కౌన్సెలరమ్మ పిల్లని తీసుకొచ్చింది. తల్లిదండ్రుల్ని చూడగానే ఆ పిల్ల గోడకి అతుక్కుపోయింది.

"ఎక్కడుందమ్మా?" అన్నాడు కత్తి.

"బెంచీ అరలో. వెనక్కి తోసి పెట్టాను."

ప్రిన్సిపాల్ గబగబా బయటికి వెళ్లింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా తల్లీ."

"మొన్న అన్నం దగ్గర చెప్పాను నాన్నా. వాళ్ల పీక కోసేస్తా అన్నాను. నువ్వు నవ్వావు. నా కూతురివి అనిపించుకున్నావ్ అన్నావు."

కత్తికి ఆ రాత్రి గుర్తొచ్చింది. మీసం తిప్పాడు కూడా. ఆ అరుపుల ఇంట్లో పిల్ల కష్టం చెప్పుకోవడానికి మరో మాట మిగల్లేదు. అతను నేల మీద కూలబడి కూతురి పాదాలు పట్టుకున్నాడు. "నాన్నా, లే," అంటూ ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి ఇద్దరినీ కలిపి పొదువుకుంది.

స్కూల్లో పిల్ల పేరు కొట్టెయ్యలేదు. ఆ వారం ఇంట్లోనే ఉంచమన్నారు. తర్వాత రోజూ పొద్దున కౌన్సెలరమ్మ గదికి వెళ్లాకే క్లాసు. జుట్టు వేసిన పిల్లల పెద్దవాళ్లకీ కబురు వెళ్లింది. సెలూన్‌లో కత్తులకి తాళం పడాలన్నారు. బెంచీ అరలో దొరికిన కొమ్ముపిడి కత్తిని రాతపూర్వకంగా పోలీసులకి అప్పగించారు.

ఆ మధ్యాహ్నం సలహాల్రావు సెలూన్‌కి పరిగెత్తుకొచ్చాడు. "బావా, నా సలహా ఏంటంటే..."

"క్షవరమైతే గానీ వివరం రాదన్నారు. నాకు ఇవాళ అయింది," అన్నాడు కత్తి. "మంచి బడిలోనే వేయించావు. కూర్చో, గడ్డం చేస్తాను."

సలహాల్రావు సలహా మింగేసి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

సాయంత్రం ఒక గిరాకీ ఆలస్యంగా వచ్చాడు. "ఇప్పుడా రావడం? పీ..." అని కత్తి ఆగిపోయాడు. తలుపు దగ్గర పుస్తకం పట్టుకున్న కూతురు తలెత్తింది.

"కూర్చోండి," అన్నాడు గిరాకీతో. కూతురి వైపు తిరిగి, "నువ్వూ ఇలా వచ్చి కూర్చో తల్లీ. ఆ వెనక బెంచీ వాళ్లు ఇంకా ఏమన్నారో మొదట్నుంచీ చెప్పు," అన్నాడు.

ఆ రోజు కత్తికి పోయింది మొత్తం ఒక పూట బేరం, నాన్న చేతి కొమ్ముపిడి కత్తి ఒకటి.