వినపడని ఆమెన్

"ఈ ప్రోబ్ చేతులు మారితే వసుంధర బతకదు," అన్నాడు చీఫ్ దశరథరామయ్య, రేపల్లె స్టేషన్లో జామకాయలమ్మే వేషంలో చిన్న పెట్టె అందిస్తూ.

ఏజెంట్ కిరణ్ కుమార్ జామకాయ కొరికాడు. "అర్థమయ్యేలా చెప్పండి సార్."

"రిఫైనరీ ఫర్నేస్‌లో మంట తర్వాత మిగిలే ఆక్సిజన్ని ఇది కొలుస్తుంది. దాన్నిబట్టి గాలి సరిపడా పంపితే ఇంధనం ఆదా, పొగ తక్కువ. విదేశీ ముఠా చేసిన నకిలీది ఆక్సిజన్ ఎక్కువుందని అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ గాలి తగ్గించేస్తుంది. మండని గ్యాస్ నిండి ఫర్నేస్ పేలుతుంది. ఇవాళే బాపట్ల ల్యాబులో ట్రయల్. ఫర్నేస్ పక్కన నిలబడేది దీన్ని తయారుచేసిన వసుంధరే."

"తోడెవరు?"

"తెనాలి దాకా మన క్రిస్టినా. గుర్తుపట్టే కోడ్ మాట, నిజాంపట్నం రొయ్యలు."

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ కెమెరా ఛార్జింగ్ లేక చచ్చింది. ఎక్కిన ప్యాసింజర్ రైలు ప్రతి స్టేషన్లోనూ సేదతీరింది. కిరణ్‌కి ఒళ్లు మండిపోయింది. ఇంతలో ఎదుటి సీట్లోకి క్రిస్టినా వచ్చింది: నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, చేతిలో టిఫిన్ క్యారియర్.

"నిజాంపట్నం రొయ్యలు తెచ్చానండి. మాదీ మీలాగే లూథరన్ క్రైస్తవుల ఇల్లే. ప్రార్థన చేయండి బ్రదర్, తిందాం."

కిరణ్ కళ్లు మూసుకున్నాడు. పాస్టర్ గారి అబ్బాయి కదా, ఇంజన్ డ్రైవర్ క్షేమం దాకా వెళ్లి గానీ ఆగలేదు. "ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి ఆమె వడ్డిస్తోంది. తెనాలిలో ఆమె దిగిపోయింది. అతను బండి మారాడు.

బాపట్లలో పెట్టె వసుంధరకి అప్పగించి, ల్యాబు గేటు ఎదుట దానమ్మ టీకొట్లో కూలబడ్డాడు. గారెల ప్లేటు ముందు ప్రార్థన ముగించగానే పొయ్యి దగ్గర్నుంచి దానమ్మ గొంతు వినిపించింది. "ఆమెన్!"

కిరణ్ చేతిలో గారె ఆగిపోయింది. ప్రార్థన చివర విన్నవాళ్లూ ఆమెన్ అనాలి. రైల్లో తను తప్ప ఎవరూ అనలేదు. లూథరన్ ఇంటి ఆడపడుచు నోరెందుకు మెదపలేదు? చేతులు ప్రోబ్ మార్చే పనిలో ఉన్నాయి గనక! కళ్లు తెరిచాక, ఎడమవైపు పెట్టుకున్న పెట్టె కుడివైపు కనిపించినా తన మతిమరుపే అనుకున్నాడు. ఛీ, వెధవ బతుకు!

ఫోన్ చేశాడు. వసుంధర ఎత్తలేదు, ఫర్నేస్ దగ్గర ఫోన్లు నిషేధం. పరుగెత్తాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అడ్డం.

"హెల్మెట్ లేకుండా వెళ్లకూడదండి."

"పేలిపోతుందయ్యా బాబూ!"

"అందుకేనండి హెల్మెట్."

దొరికిన హెల్మెట్ నెత్తిన బోర్లించుకుని లోపలికి దూసుకుపోయాడు. ఫర్నేస్‌లో మంట పొగలు కక్కుతూ వణుకుతోంది. స్క్రీన్ మాత్రం ఆక్సిజన్ పుష్కలమంటోంది.

"మేడమ్, ప్రోబ్ నకిలీది! గాలి పెంచండి!"

"నిండిన గ్యాస్‌కి ఇప్పుడు గాలి తగిలితే పేలి అందరం పోతాం. గ్యాస్ ఆపాలి!" వసుంధర వాల్వు మీద పడి బలంకొద్దీ తిప్పింది. మంట ఆరిపోయింది. ఫర్నేస్ పేలకుండా నిలిచింది.

బయటికొచ్చాక చీఫ్ ఫోన్. "క్రిస్టినా ముఠాకి అమ్ముడుపోయింది, ఇప్పుడే దొరికింది. నేనూ మీ వెనకే తెనాలి వచ్చా. అక్కడ ఇంకో బండి ఎక్కబోతూ, నన్ను గుర్తుపట్టక నా దగ్గరే జామకాయలు కొంది. బేరమే ఆడలేదయ్యా! అంత తొందరేంటని బ్యాగు తెరిపించా. అసలు ప్రోబ్ అందులోనే ఉంది. ఆమె దాన్ని మార్చేటప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"ప్రార్థన చేస్తున్నా సార్."

వసుంధర నవ్వుతూ తన టిఫిన్ డబ్బా అతని ముందుకు జరిపింది. ఈసారి కిరణ్ కళ్లు తెరుచుకునే ప్రార్థించాడు. దేవుడు ఏమీ అనుకోడు. మూసుకుంటే చీఫే అనుకుంటాడు.