నలభయ్యో పీట

పగలు పన్నెండు కావస్తోంది! క్షుద్రశక్తులకు అర్ధరాత్రి ఒక్కటే అచ్చొస్తుందని అన్నవాళ్లెవరో గానీ, ఆ పాడుపడ్డ మందుగుండు ఫ్యాక్టరీలో మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టి ఉండరు. మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకుపోయే ఆ ఘడియలో, నడినెత్తిన సూర్యుణ్ణి కారుమేఘం అమాంతం మింగేసింది... ఫెళఫెళమని ఉరిమింది... కప్పు కూలిన ఏదో షెడ్డులో గుడ్లగూబ పట్టపగలే కూసింది!

అయినా ఆ పిల్ల ఆగలేదు. యుద్ధకాలం నాటి తుప్పు పట్టాల మధ్య నిద్రలో నడిచినట్టు నడిచిపోతోంది. వంద అడుగుల వెనక ఆమె అక్క, లిఫ్టులు బాగుచేసే మెకానిక్, చేతిలో రెంచితో, రొప్పుతూ వస్తోంది.

"పిచ్చుకా! ఆగవే! నిన్నే!"

పిచ్చుక వెనుదిరగలేదు. మూడు రోజుల క్రితం పాత కట్టడాల ఫోటోలు తీసుకుంటానని ఈ శిథిలాల్లోకి వచ్చిన పిల్ల, కెమెరా లేకుండా, మాట లేకుండా ఇంటికొచ్చింది. చేతులు మాత్రం ఆగలేదు. అన్నం ముందు, పక్క మీద, డాక్టరు ఎదుట కూడా... తోడడం, కూరడం, మూత బిగించడం. గోళ్లు చిట్లి నెత్తురోడుతున్నా అదే పని. డాక్టరు నరాల జబ్బన్నాడు. ఆయనిచ్చిన మాత్రల్ని ఆ చేతులు ఒక ఖాళీ సీసాలో కూరి మూత బిగించేశాయి!

అది ఏ పనో అక్కకు తెలుసు. తమను పెంచిన అమ్మమ్మ ఈ ఫ్యాక్టరీలో మేస్త్రి. ఒకే బల్ల చుట్టూ నలభై పీటలు, నలభై మంది ఆడవాళ్లు. గుండ్లలో మందుపొడి కూరడం వాళ్ల పని. తేడా కనిపిస్తే మేస్త్రి బల్ల మీద మూడుసార్లు కొట్టేది. కొట్టిన మరుక్షణం చేతులన్నీ పైకి లేవాలి. చిన్నవాళ్లు ముందు, మేస్త్రి చివర. పరుగెత్తకూడదు, నడవాలి. ఒకనాడు పొడి వెచ్చబడిందని అమ్మమ్మ కొట్టింది. పని ఆగిందని మండిపడిన పై అధికారి మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు. ఆ మర్నాడే షెడ్డు పేలింది. కొట్టేవాళ్లు లేక, పనిలో పెట్టిన చేతులు పనిలోనే ఉండగా ముప్పై తొమ్మిది మంది మాడిపోయారు. తప్పించుకున్న ఆ అధికారి కూడా మూడోనాటికి కాలిన గాయాలతో పోయాడు.

"నేనుంటే కొట్టేదాన్ని" అనుకుంటూనే అమ్మమ్మ చనిపోయింది. ఆ రోజు గుర్తొస్తే ఆమెకు ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

పట్టాలు దాటి, గడ్డి మొలిచిన మట్టికట్టలు దాటి అక్క ఒక పొడవాటి షెడ్డు ముందుకు చేరింది. గోడ మీద వెలిసిన అక్షరాలు: చేతులు ఆగితే సరిహద్దులో సైనికుడు చస్తాడు!

"చేతులు ఆపనివ్వకే కదరా ఇక్కడ ఇంతమంది చచ్చింది" అని తిట్టుకుంటూ ఆమె గుమ్మంలో కాలు పెట్టింది.

పెట్టిందో లేదో, చేతిలో రెంచి ఎర్రగా కాలింది! కెవ్వుమని కింద పారేసింది. లోపల చీకటి... మాడిన వెంట్రుకల కంపు... పొడవాటి కర్రబల్ల. దాని చుట్టూ తలలు వంచుకుని కూర్చున్న ఛాయారూపాలు! పొగతో అల్లినట్టున్న ఆ దేహాల్లో చేతులు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ అరచేతుల కింద, నల్లటి గుండ్ల నోళ్లలో, ఆనాటి ప్రళయాగ్ని ఇంకా ఆరకుండా బుసలు కొడుతోంది!

బల్ల చివర, బూడిదతో గీసిన వలయంలో నిలబడి ఉన్నాడు క్షుద్రోపాసకుడు. ఊళ్లో అందరూ బూడిదాయన అంటారు, అదీ గుసగుసగా. ఎదురు చెప్పినవాడి ఇల్లు తెల్లారేసరికి బూడిదైపోతుంది. ఆ నిప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కకు ఇప్పుడు అర్థమైంది. అతని చేతిలో ఒక కపాలం దవడలు ఆడిస్తోంది.

"ముప్పై ఏడు!... ముప్పై ఎనిమిది!... ముప్పై తొమ్మిది!"

ఒక్కో అంకెకూ ఒక్కో ఛాయ వణికింది. చచ్చాక కూడా ఆ అధికారి హాజరు పిలుస్తున్నాడు! సమాధిలోంచి ఆ పుర్రెను తవ్వి తెచ్చి, దాని పెత్తనాన్ని చేతపట్టుకున్నాడు బూడిదాయన. పాపం ఆ ఆడవాళ్లు ఇన్నేళ్లుగా ఆజ్ఞకు లోబడి నిప్పును అదిమి పట్టుకునే ఉన్నారు.

పిచ్చుక వెళ్లి ఖాళీగా ఉన్న నలభయ్యో పీట మీద కూర్చుంది.

"వచ్చావా మెకానిక్కూ!" అతను వికటాట్టహాసం చేశాడు. "తప్పించుకుపోయిన మేస్త్రి రక్తం ఈ పీట మీదికి రావాలి. పన్నెండు కొట్టగానే నీ చెల్లెలి ప్రాణం పోతుంది, నలభయ్యో జత చేతులు నావవుతాయి! ఇక ఈ అగ్ని ఇళ్లను కాదు, ఊళ్లను కాలుస్తుంది! పారిపో... లేదా నువ్వూ భస్మమైపో!"

అక్కకు భయం వేసింది. కానీ ఆ భయానికి అడుగున ఉన్న కోపం అంతకంటే పాతది, అమ్మమ్మ కాలంది.

"పిల్లదాన్నెందుకు కూర్చోబెట్టావు? దానికి పనేం తెలుసని?" అంది. "అది మా అమ్మమ్మ పీట. పెద్దదాన్ని నేనుండగా దానికెలా వస్తుంది?"

చెల్లెల్ని రెక్కపట్టి లేపి పక్కకు తోసి, తనే పీట మీద కూర్చుంది!

బూడిదాయన కళ్లు మెరిశాయి. ఎవరైతేనేం, అదే రక్తం! కపాలాన్ని పైకెత్తాడు. మెరుపు మెరిసింది... ఉరుము ఉరిమింది... గుడ్లగూబ రెక్కలు టపటపలాడించింది!

"నలభై!" అని అరిచింది కపాలం.

మెకానిక్ పిడికిలి బిగించి బల్ల మీద కొట్టింది.

ఒకటి.

బూడిదాయన నవ్వు ఆగింది.

రెండు.

"ఏయ్! ఏం చేస్తున్నావే! ఆపు!"

మూడు!

ముప్పై తొమ్మిది జతల చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి.

ఆ తర్వాతి నిశ్శబ్దంలో పీటలు వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. "కూర్చోండి! పనిలోకి! ఆజ్ఞ!" అని కపాలం గొంతు చించుకుంది. ఒక్క తలా అటు తిరగలేదు. అదుపు తప్పిన అగ్ని గుండ్ల నోళ్లలోంచి నాలుకలు చాచి లేచి, ఇన్నాళ్లూ తనను తొక్కిపెట్టించిన ఆ కపాలాన్ని, దాన్ని పట్టుకున్న చేతిని వెతుక్కుంటూ బయల్దేరింది. అతను వలయంలోంచి బయటికి ఉరకబోయాడు. ఎవరినీ దాటనివ్వని ఆ బూడిద గీత, గీసినవాణ్ణీ దాటనివ్వలేదు!

"కొట్టవే! మళ్లీ కొట్టు! చేతులు దించమను! నీ కాళ్లు పట్టుకుంటాను!"

"షిఫ్టు అయిపోయింది" అంది మెకానిక్.

అగ్ని అతన్ని కపాలంతో సహా కబళించింది. ఆర్తనాదం షెడ్డులోంచి మబ్బుల దాకా లేచి తెగిపోయింది. నిప్పు ఆకలి తీరక దూలాల్ని అందుకుంది. పీట కింద నేల కాలుతోంది. పారిపొమ్మని ఒళ్లంతా మొత్తుకుంటున్నా ఆమె లేవలేదు. మేస్త్రి చివర వెళ్లాలి.

తడబడుతున్న పిచ్చుకను ఇద్దరు చెరో వైపు పట్టుకుని ముందు నడిపించారు. వాళ్ల వెనక ఒక్కొక్కరే, తొందర లేకుండా, తలలెత్తి నడిచారు. ఆఖరున వెళ్తున్న నడివయసు ఆవిడ పీట దగ్గర ఆగింది. సగం కాలిన ముఖంలో కళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి.

"వస్తావని తెలుసు మేస్త్రీ" అంది. "నిన్ను గేటు దగ్గర ఆపేశారని చెప్పారు. నీ తప్పేం లేదులే. పద."

మెకానిక్‌కు ఏడుపు ఆగలేదు. ఈ ఒక్క మాట కోసం అమ్మమ్మ ఎన్ని ముద్దలు వదిలేసిందో! కన్నీళ్లు తుడుచుకోకుండానే లేచి, ఆవిడ వెనకే నడిచింది. వీపు మీద సెగ తగులుతున్నా పరుగెత్తలేదు.

గేటు దాటేసరికి వాన మొదలైంది. ముందు నడిచినవాళ్లెవరూ లేరు. గేటు ఊచ పట్టుకుని పిచ్చుక ఒక్కతే నిలబడి ఉంది. నెత్తుటి వేళ్లను వానలో చాచి చూసుకుంటోంది. అవి ఇక వాటంతటవి కదలడం లేదు.

"అక్కా, ఆకలేస్తోందే" అంది.

"పద, ఇంటికెళ్దాం" అంది అక్క.

ఇద్దరూ చేతులు పట్టుకుని, తడుస్తూ, నడిచే వెళ్లారు.