ఎరుపు వాయనం

పదకొండు దాటినా పులిహోర రాలేదు. హైమావతికి మొదటి అనుమానం అక్కడే కలిగింది.

పొద్దున ఏడున్నరకి, జబ్బు మనుషుల్ని విడిగా ఉంచే విడివాసంలో అడుగుపెట్టినప్పటినుంచీ ఆమె మహారాణిలా మంచమెక్కి పడుకుని ఉంది. ఉతికిన దుప్పటి, రెండు దిండ్లు, గిర్రున తిరిగే ఫ్యాను. గిన్నెలు తోమమనేవాళ్ళు లేరు. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది? వారంలో ఆరు రోజులు ఆమె సన్నాహ గోదాములో నిలబడి, ఎప్పుడో రాబోయే మహమ్మారి కోసం దాచిన మందుపెట్టెల్లో గడువు దగ్గరపడ్డవాటిని ముందుకీ, కొత్తవాటిని వెనక్కీ జరుపుతూ ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఆ పెట్టెలు అలా నడుస్తూనే ఉన్నాయి. వాటిలోని మందు ఒక్క చుక్కైనా ఎవరి ఒంట్లోకీ పోలేదు. ఆమె నడుం మాత్రం పోయింది.

ఎప్పుడొచ్చినా విడివాసంలో పదిన్నరకల్లా వేడి వేడి పులిహోర పెట్టేవారు. ఇవాళ లేదు. పైగా నర్సు రాహేలు నవ్వలేదు. "వచ్చారా అమ్మా, పడుకోండి, పడుకోండి" అంటూ చెప్పులు టపటపలాడించుకుంటూ తిరిగే మనిషి, ఇవాళ తల నుంచి కాళ్ళదాకా తెల్లటి తొడుగులో దూరి, మంచానికి నాలుగడుగుల దూరం నుంచే చేతిలోని తెరపలక మీద ఏదో నొక్కి వెళ్ళిపోతోంది.

"సిస్టర్, ఇది ఉత్తుత్తేనా, అసలా?" అని అడగబోయి హైమావతి నాలుక కరుచుకుంది. అలా అడగడం నేరం.

వెనకటి మహమ్మారి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిపెట్టాక ప్రభుత్వం ప్రజారోగ్య అత్యవసర సన్నద్ధతా చట్టం తెచ్చింది. దానిప్రకారం ప్రతి మణికట్టుకీ ఒక స్వేదపట్టీ ఉండాలి. తెల్లవారుజామున ఐదింటికి అది చెమటను పరీక్షించి, జబ్బు లేకపోతే పచ్చగా, ఉంటే ఎర్రగా మారుతుంది. మర్నాడు ఐదింటిదాకా ఆ తీర్పుకి తిరుగులేదు. జబ్బు లేని కాలంలో జనం బద్ధకించకుండా ఏడాదికి నాలుగైదుసార్లు ఉత్తుత్తి కసరత్తులు కూడా పెట్టారు. చీటీలో పేరు వచ్చినవాళ్ళ పట్టీ ఎర్రబడుతుంది. తెల్లబండి వచ్చి వాళ్ళని మూడు రోజులు విడివాసానికి తీసుకుపోతుంది. మొదట్లో ఇది కసరత్తేనని ముందే చెప్పేవారు. జనం తలుపులేసుకుని నిద్రపోయారు. దాంతో తొమ్మిదో సెక్షన్ చేర్చారు: కసరత్తో అసలో ఎవరూ ఎవరికీ చెప్పరాదు, ఎవరూ ఎవరినీ అడగరాదు. శాసనసభలో బల్లలు చరిచి మరీ దాన్ని ఆమోదించారు.

మూడు రోజుల మంచం అంటే మగ్గాల వీధి ఆడవాళ్ళకి ఏమిటో ఆ బల్లలు చరిచినవాళ్ళకి తెలియదు. పెళ్ళయ్యాక వాళ్ళకి దొరికిన మొదటి సెలవు అది. ఎవరి నడుం విరిగిందో చీటీకేం తెలుస్తుంది? అందుకని వాళ్ళలో వాళ్ళే సర్దుకున్నారు. ఎవరి పట్టీ ఎర్రబడినా, వీధిలో అందరికన్నా అలిసిపోయినవాళ్ళకి ఇచ్చేస్తారు. కొబ్బరినూనె రాస్తే పట్టీ ఇట్టే జారి వస్తుంది. ఇచ్చేది కూడా ఊరికే ఇవ్వరు. శ్రావణ శుక్రవారం పేరంటంలోలాగా, బొట్టు పెట్టి మరీ ఇస్తారు.

ఇవాళ ఎర్రబడింది పక్కింటి నాంచారిది. బట్టలు కుట్టి బతికే పిల్ల. ఆరింటికల్లా నూనెసీసాతో వచ్చి, హైమావతికి బొట్టుపెట్టి పట్టీ అందించింది.

"ఇస్తినమ్మా వాయనం."

"నువ్వే పోరాదటే? నిన్న ఒళ్ళు నొప్పులన్నావుగా" అంది హైమావతి.

"మిషను కాడ కూర్చుంటే రావా నొప్పులు? నువ్వు పో అక్కా. బావ లారీ మీద వెళ్ళి వారమాయె, అన్నీ నువ్వే చూసుకుంటివి. మీ పాప మేఖలకి అన్నం నేను తినిపిస్తాలే."

"పుచ్చుకుంటినమ్మా వాయనం" అని హైమావతి నవ్వుతూ చెయ్యి చాపింది. తన పచ్చ పట్టీ తీసి నాంచారి చేతికి తొడిగింది.

ఒళ్ళు నొప్పులు! ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి హైమావతి మంచం మీద లేచి కూర్చుంది. మళ్ళీ తనకు తానే సర్దిచెప్పుకుంది. నొప్పులు ఎవరికి లేవు? అయితే పులిహోర ఏది? ఆలస్యమైందేమో. మరి ఆ తొడుగు? అదీ కసరత్తేనేమో. ఎటు ఆలోచించినా రెండువైపులా నిజంలాగే కనిపించి ఆమెకు తల తిరిగిపోయింది.

పన్నెండున్నరకి ఎదురు మంచంలోని ముసలాయన దగ్గడం మొదలుపెట్టాడు. ఉత్తుత్తి రోగులు దగ్గరు. దగ్గితే టీవీ వినపడటం లేదని మిగతావాళ్ళు తిడతారు. ఇవాళ ఎవరూ తిట్టలేదు. టీవీ కూడా పెట్టలేదు.

"సిస్టర్!" హైమావతి గట్టిగా పిలిచింది. "నేను నాంచారిని కాదు."

రాహేలు పలక చూసుకుంది. "నాంచారమ్మ అనేగా ఉంది. పట్టీ అదే చెప్తంది."

"పట్టీ నాంచారిదే. చెయ్యి నాది."

రాహేలు ఆ మాట నొక్కింది. పలకే తన తీర్పు పైకి చదివింది: "రోగికి అయోమయం. తన పేరు తనది కాదంటున్నది. జబ్బు ముదిరే లక్షణం. నిద్రమందు ఇవ్వవలెను."

హైమావతి చెయ్యి వెనక్కి లాక్కుంది. "నిద్రమందిస్తే రేపటిదాకా లేవను సిస్టర్! అసలు జబ్బు మనిషి మా ఇంట్లో ఉంది. నా ఏడేళ్ళ పిల్ల ఆమె చేతి ముద్దలు తింటా ఉంది. నేను చెప్పేది పిచ్చిమాటలా ఉందా?"

"అట్టాగే ఉందమ్మా" అంది రాహేలు, సూది తీస్తూ.

"ఆ పలకలో నాంచారి వయసెంతని ఉంది?"

"ముప్పై ఒకటి."

హైమావతి జడ ముందుకి లాగి చూపించింది. "ఇది ముప్పై ఒక్కేళ్ళ జుట్టేనా?"

రాహేలు పొద్దుటినుంచీ మొదటిసారి పలక మీదనుంచి తల ఎత్తింది. సగం నెరిసిన జడ, కళ్ళకింద గుంటలు, బెదిరిన ముఖం. అలా చాలాసేపు చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"నూనె రాశారా?"

"రాశాం."

"మేమూ అంతేనమ్మా. డ్యూటీలు చెయ్యలేక మా నర్సులమూ మార్చుకుంటాం." ఆమె సూది పక్కన పెట్టేసింది. "ఇది కసరత్తో అసలో నాక్కూడా చెప్పలా. తొడుగు వేసుకోమన్నారు, అంతే."

తర్వాత ఆమె గది మధ్యకి వెళ్ళి నిలబడి అడిగింది: "ఎవరి పట్టీ వాళ్ళే పెట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి. నేను ఎవరికీ చెప్పను."

తొమ్మిది మంచాలు. లేచిన చేతులు రెండు. ఒకటి దగ్గుతున్న ముసలాయనది, రెండోది మూల మంచంలో మూలుగుతున్న ఆడమనిషిది. తక్కిన ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రాహేలు ఏడు చిరునామాలు రాసుకుని ఏడు బండ్లు పిలిచింది. మొదటిదాంట్లో హైమావతి పక్కన తనే ఎక్కింది.

ఇంటి ముందుగదిలో నాంచారి చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. మేఖల గుమ్మంలో కూర్చుని పలక మీద బొమ్మలు వేసుకుంటోంది. అలికిడికి నాంచారి కళ్ళు తెరిచింది. అవి చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వచ్చావా అక్కా. ఒళ్ళంతా కాలిపోతా ఉంది. నాకేం అర్థం కావట్లా." చెయ్యి ఎత్తి చూపించింది. "పట్టీ చూస్తే పచ్చగానే ఉండె."

హైమావతికి ఏడుపు ఆగలేదు. "అది నా పట్టీయే పిచ్చిదానా."

"తెలుసు. పచ్చగా ఉన్నంతసేపు ఏం కాదులే అనుకున్నా."

రాహేలు ఆమెని లేపి బండిదాకా నడిపించింది. నాంచారి చేతి పచ్చ పట్టీ చూసి బండి తలుపు తెరుచుకోలేదు. 'ఆరోగ్యవంతులకు ప్రవేశం లేదు' అని మర్యాదగా చెప్పింది. రాహేలు తలుపుని రెండు గుద్దులు గుద్దింది. అది మళ్ళీ అంతే మర్యాదగా అదే చెప్పింది.

హైమావతి లోపలికి పరుగెత్తి నూనెసీసా తెచ్చింది. తొందరలో సగం నేలపాలయింది. ఎలాగో తన చేతి ఎరుపు జార్చి నాంచారి చేతికి తొడిగింది. ఇచ్చేటప్పుడు అనవలసిన మాట ఆమె నోటికి రాలేదు. నాంచారే కళ్ళు మూసుకుని గొణిగింది.

"పుచ్చుకుంటినమ్మా..."

తలుపు తెరుచుకుంది.

"మొదటి రోజేగా, మందు పనిచేస్తది" అంది రాహేలు బండెక్కుతూ. "మీరు జరుపుతానని దారిలో చెప్పిన పెట్టెల్లోదే. మీరిద్దరూ తలుపేసుకుని లోపలే ఉండండి. రేపు ఐదింటికి పట్టీలు చెప్తయ్యి."

బండి వెళ్ళిపోయింది. తన పచ్చ పట్టీ తన చేతికి వచ్చింది. అది చెప్పేది పొద్దున ఐదింటి మాట. ఆ తర్వాత తను దగ్గేవాళ్ళ మధ్య సగం రోజు గడిపింది. కూతురు నాంచారి చేతి ముద్దలు తిన్నది. రేపు ఐదింటిదాకా ఎలా ఆగడం?

ఆమె చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, మేఖల ముందు కూర్చుని, అరచెయ్యి పిల్ల నుదుటి మీద పెట్టింది.

మేఖల వింతగా చూసింది. పట్టీలు వచ్చాక పుట్టిన పిల్ల. ఇంతవరకూ ఎవరూ దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు.

"ఏం చేస్తన్నావమ్మా?"

"జ్వరముందేమో చూస్తన్నా."

"చేత్తోనా?"

నుదురు వెచ్చగా ఉంది. అది జ్వరమో, ఆడుకున్న పిల్ల ఒంటి వెచ్చదనమో, నీళ్ళల్లో నాని తన చెయ్యే చల్లబడిందో తేలలేదు. చెయ్యి మార్చి చూసింది. మెడకింద పెట్టి చూసింది. తన నుదురు పట్టుకుని చూసి, మళ్ళీ పిల్లది చూసింది. చిన్నప్పుడు అమ్మ ఇలాగే చెయ్యి పెట్టి, క్షణంలో చెప్పేసేది. ఎంత వెచ్చగా ఉంటే జ్వరమో ఆ చేతికి తెలుసు. ఈ చేతికి తెలియదు.

"ఉందా అమ్మా?"

"తెలీట్లేదమ్మా" అంది హైమావతి, చెయ్యి తియ్యకుండానే.