కుళాయి దగ్గర మాటలు

కళైవాణి లేచి నిలబడి “ఆంప్లిఫై” అనగానే చారులత చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

అది చారులత దాచుకున్న మాట.

పరమేశ్వరి మిస్ బోర్డు మీద రెండు గళ్లు గీశారు. దేన్నయినా పెంచే ఇంగ్లీషు మాటలు ఒకదానిలో రాయాలి. మనుషులకు ఉషారెక్కించే మాటలు రెండోదానిలో. శనివారం స్పోర్ట్స్ డే. ఆరో తరగతి నుంచి ఒకరు మైకు పట్టుకుని ఆడేవాళ్లను ఉత్సాహపరచాలి. మంచి మాటలు ఎక్కువ తెచ్చినవాళ్లకే ఆ మైకు. దాని కోసం చారులత ఎన్నాళ్లుగానో మాటలు వెతుకుతోంది.

“ఆంప్లిఫై! చిన్న శబ్దాన్ని పెద్దది చేయడం. చాలా బాగుంది,” అని మిస్ మొదటి గడిలో రాశారు. “రెండో గడిలోకి ఒకటి చెప్పు కళైవాణీ.”

కళైవాణి నోరు తెరిచింది. చారులత వైపు ఒకసారి చూసింది. “తెలీదు మిస్,” అని కూర్చుంది.

చారులత గబుక్కున చెయ్యెత్తింది. “థ్రిల్, రౌజ్, ఇన్‌ఫ్లేమ్!”

మిస్ మొదటి రెండూ రాశారు. “ఇన్‌ఫ్లేమ్ వద్దమ్మా. అది కోపం రేపి జనాన్ని మండించడం. మన గ్రౌండులో దానితో పనేముంది?”

అన్నాల బెల్లు కొట్టగానే చారులత హేమమాలిని పక్కకు జరిగింది. పీలమేడులో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే. క్లాసులో మిగతావాళ్లంతా తమిళం మాట్లాడతారు. అందుకే ఎవరి ముందైనా ఏ రహస్యమైనా తెలుగులో చెప్పుకోవచ్చని ఇద్దరికీ ధీమా.

“ఆ మాట దానికెట్లా తెలిసె? నిన్న కుళాయి దగ్గర నీకొక్కదానికే గదా చెప్పినాను?”

“అదీ అక్కడే ఉన్నింది గదే, నీళ్లు పట్టుకుంటా.”

“ఉంటే ఏమి? మనం మాట్లాడింది తెలుగు. దానికెట్లా అర్థమయ్యేది? నా బ్యాగు తెరిచి మాటల చీటీ చూసిండాది!”

కళైవాణి రెండు బెంచీల అవతల ఒక్కతే పెరుగన్నం తింటోంది. జూన్‌లో దిండిగల్ నుంచి వచ్చి చేరిన పిల్ల. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు.

“చూడవే, పిల్లి మాదిరి మనల్నే చూస్తా ఉండాది. దొంగ మొహం!” గొంతు తగ్గించకుండానే అంది చారులత.

కళైవాణి డబ్బాకు మూత పెట్టేసింది. సగం అన్నం అలాగే ఉంది.

“చూసినావా? తప్పు చేసినోళ్లకే అట్లా ఆకలి చచ్చిపోతాది.”

ఆ మధ్యాహ్నమే చారులత ముందు బెంచీవాళ్లకు తమిళంలో చెప్పింది. “నా బ్యాగు ఎవరో తెరిచారు. పేరు చెప్పను.” పేరు చెప్పలేదు గానీ, కళైవాణి వైపు చూసింది.

మర్నాడు క్లాసులో లక్ష్మణన్ తన రబ్బరు పోయిందన్నాడు. ఆ తర్వాత కళైవాణి అటుగా వస్తుంటే చాలు, అందరూ బ్యాగుల జిప్పులు లాగేసుకునేవాళ్లు. గురువారానికి, దొంగతనం చేసినందుకే ఆమెను దిండిగల్ బళ్లోంచి పంపేశారన్న మాట పుట్టింది. ఆ మాట చారులత అనలేదు. అయినా కాదని కూడా అనలేదు.

మైకు చారులతకే వచ్చింది.

శుక్రవారం సాయంత్రం గ్రౌండులోకి మైక్‌సెట్ వ్యాను వచ్చింది. చారులత అందరికంటే ముందు స్టేజీ ఎక్కింది. వ్యాను ఆయన ఒక నల్లపెట్టె తెచ్చి అక్కడ పెట్టాడు. దాని మీద తెల్లటి అక్షరాలతో ‘ఆంప్లిఫయర్’ అని రాసి ఉంది.

చారులత ఆ అక్షరాల దగ్గరే ఆగిపోయింది.

“కన్నూ, ఆ వైరు ఇట్లా తే,” అని ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. తెలుగులో!

“ఏది అప్పా? నల్లదా, ఎర్రదా?”

వైరు చుట్ట భుజాన వేసుకుని స్టేజీ వెనక నుంచి కళైవాణి వచ్చింది.

చారులత పెట్టె వదిలి ఆమె వైపు తిరిగింది. “నీకు... తెలుగు వచ్చునా?”

“మా ఇంట్లో తెలుగే.”

పిల్లి మాదిరి. దొంగ మొహం. తను అన్నవన్నీ చారులత చెవుల్లో మళ్లీ మోగాయి.

“మరి ఏమిటికి చెప్పలేదు?”

కళైవాణి వైరు చిక్కు తీస్తూ తలెత్తకుండా అంది. “దిండిగల్ బళ్లో తెలుగోళ్లు ఒక్కరూ లేరు. ఇక్కడ మొదటిరోజే మీ మాటలు వినబడితే ఎంత సంతోషమయిందో! మీ దగ్గరికి వద్దామని లేచినాను. నా జడ ఎలక తోక మాదిరి ఉండాదని మీరు నవ్వుకుంటా ఉన్నారు. కూర్చునేసినాను.”

చారులత తల వంచుకుంది.

“ఆంప్లిఫై నీ బ్యాగులోది కాదు. ఈ పెట్టె రోజూ తుడిచేది నేనే. థ్రిల్, రౌజ్ మాత్రం కుళాయి దగ్గర నువ్వు చెప్తే విన్నాను. మిస్ అడిగినప్పుడు నోటిదాకా వచ్చినాయి. అవి నీవి గదా, అందుకే తెలీదన్నాను.”

ఆ రోజు కళైవాణి తన వైపు ఎందుకు చూసిందో చారులతకు ఇప్పుడు తెలిసింది.

శనివారం పొద్దున చారులత షామియానా కింద ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది.

“కళైవాణి నా బ్యాగు ముట్టుకోలేదు. నేనే సుమ్మా, ఊరికే అలా చెప్పాను.”

“మరి దిండిగల్ సంగతి?” అన్నాడు లక్ష్మణన్.

“అదీ అబద్ధమే.”

అతను అనుమానంగా చూశాడు. “నీకేమైనా చాక్లెట్ ఇచ్చిందా?”

ఇంకొకరు వినకుండానే బ్యాగు ఒళ్లోకి లాక్కున్నారు. చారులతకు మిస్ బోర్డు మీద రాయకుండా వదిలేసిన ‘ఇన్‌ఫ్లేమ్’ మాట గుర్తొచ్చింది.

అంతలో మిస్ పిలిచారు. పరుగుపందెం మొదలవబోతోంది. చారులత స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంది. గ్రౌండంతా ఆమె ఇంగ్లీషు మాటల కోసం చూస్తోంది.

“కళైవాణీ,” అంది తెలుగులో. “ఇట్లా రా. నువ్వు దొంగవి కాదు. తప్పు నాది. మైకు ఇద్దరం పట్టుకుందాము.”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఏమంటోంది ఈ పిల్ల? హేమమాలిని ఒక్కతే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

కళైవాణి స్టేజీ పక్కన నల్లపెట్టె దగ్గర తండ్రితో కూర్చుని ఉంది. వెంటనే లేవలేదు. నమ్మాలో వద్దో తేలనట్టు చారులతను చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాచి పెట్టె మీది గుండ్రటి నాబ్‌ను కొంచెం తిప్పింది. స్పీకర్లు గుయ్యిమన్నాయి.

“మళ్లీ చెప్పు,” అంది.

చారులత మళ్లీ చెప్పింది. ఈసారి అందరికీ అర్థమయ్యేలా, తమిళంలో.