చచ్చినవాళ్ళు కదలొద్దు

లండన్ నుంచి సినిమావాళ్ళు మా లోయకి వచ్చింది చలికాలంలో. మా ముత్తాతల కాలంలో ఇక్కడే, ఈ ఒంటరి గుట్ట మీద, గుప్పెడు మంది తెల్ల సిపాయిలు మా జులూ తెగ దండుని రోజంతా ఆపారట. అదీ సినిమా కథ. గుట్ట మీదవాళ్ళు హీరోలు. కింద గడ్డిలో చచ్చేవాళ్ళం మేము.

పొద్దున్నే టీ, రొట్టె. ఆ తర్వాత చావడం. మా గ్వాలా బాబాయ్ కొడుకు ముసా ఆ పనిలో ఆరితేరాడు. "నిన్న ఏడుసార్లు చచ్చానన్నా. ఇంటికెళితే నీ మరదలు ఎనిమిదోసారి చంపింది" అనేవాడు.

గుట్ట మీద గోడ కట్టడానికి రాళ్ళు చాలలేదు. కింద ఒక రాళ్ళ కుప్ప ఉంది. ఆనాడు పడిపోయిన మావాళ్ళందరినీ ఒకే గోతిలో వేసి పూడ్చిన చోటు అది. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఆ రాళ్ళు మొయ్యమన్నాడు, మైకు పట్టుకు తిరిగే అసిస్టెంటు.

గ్వాలా బాబాయ్ అడ్డంగా నిలబడ్డాడు. "అది సమాధి దొరా. ముట్టుకోకండి."

"రాళ్ళేగా ముసలాడా! షూటింగ్ అయ్యాక మళ్ళీ పేర్చుకో."

బాబాయ్‌ని పనిలోంచి తీసేశారు. మేం రాళ్ళు మోశాం. నేనూ మోశాను. ఆ సిగ్గు నా అరచేతుల్లో ఇప్పటికీ మండుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పొగ పెట్టారు. ఉత్తుత్తి తూటాల మోత మొదలైంది. పరిగెత్తాం, పడ్డాం. నేనూ ముసా పక్కపక్కన, రాళ్ళు తీసేసిన ఎర్రమట్టి మీద బోర్లా పడుకున్నాం.

"చచ్చినవాళ్ళు కదలొద్దు!" మైకు అరిచింది.

పొగ నేల దాకా దిగింది. మందుగుండు వాసన పోయి ఇంకో వాసన వచ్చింది... తడిమట్టి, పాత తోలు కలిసిన వాసన. మోత ఎక్కడో దూరానికి పోయింది. నా చెంప కింద నేల వెచ్చగా ఉంది. అది మెల్లగా ఉబ్బింది. తగ్గింది. మళ్ళీ ఉబ్బింది...

చెవి దగ్గర ఎవరిదో గుసగుస.

"చచ్చావా?"

"లే... లేదు. నటిస్తున్నా."

"అయితే లే. ఇది నా చోటు."

దొర్లి అవతల పడ్డాను. అదే గొంతు ముసాని అడగడం వినిపించింది. నేనే ఆటపట్టిస్తున్నాననుకున్నాడు కాబోలు, కళ్ళు మూసుకునే నవ్వాడు.

"ఆఁ, చచ్చానన్నా. నిద్ర చెడగొట్టకు."

మైకు "కట్" అంది. అందరం లేచాం. ముసా లేవలేదు. ఒంటి మీద గీత కూడా లేదు. నోటి నిండా ఎర్రమట్టి... గొంతు దాకా, కూరినట్టు.

"గుండె ఆగుంటుంది" అన్నాడు అసిస్టెంటు. టీ అయ్యాక మిగతాది తీయాలట, శవాన్ని కెమెరాకి అడ్డం లేకుండా పక్కకి లాగమన్నాడు. అతని చొక్కా పట్టుకున్నాను. నలుగురొచ్చి విడిపించారు. అప్పుడు మేమంతా గోడ మీదకి వెళ్ళాం. ఎవరెంత అరిచినా ఆగకుండా ఆ రాళ్ళన్నీ లాగి, మోసుకొచ్చి, ఉన్నచోట పేర్చాం. ఆ రోజు మరి షూటింగ్ జరగలేదు.

మర్నాడు బాబాయ్ ముళ్ళకొమ్మ పట్టుకొచ్చాడు. మనిషి ప్రాణం పోయిన చోట ఆ కొమ్మ ఆనించి, ఆత్మని పిలిచి ఇంటికి తీసుకెళ్ళడం మా ఆచారం. కొమ్మ పట్టుకున్నవాడు దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు.

కొడుకుని పేరుపెట్టి పిలుస్తాడనుకున్నాను. బాబాయ్ ఆ చోటునంతా ఒకసారి చూశాడు.

"లేవండి నాయనా. ఇంటికి పోదాం."

లేవండి, అన్నాడు.

కంపెనీ లారీ వెనక ముసా పెట్టె, బాబాయ్, నేను. అంతే. కొండ ఎక్కుతుంటే ఇంజను మూలిగింది. డ్రైవరు దిగి చూశాడు. టైర్లు నేలకి అణిగిపోయి ఉన్నాయి.

"ఏం ఎక్కించార్రా ఇందులో?"

బాబాయ్ పలకలేదు. నాకు తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది.

ఇంటి ముందు పెట్టె దించాం. బాబాయ్ కొమ్మతో లోపలికి నడిచాడు. లారీ మాత్రం కుంగే ఉంది.

కాసేపటికి కొంచెం లేచింది. ఆగింది. మళ్ళీ కొంచెం... ఒక్కొక్కరే దిగుతున్నట్టు.

డ్రైవరు బండి వదిలేసి పరిగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. పొద్దుగూకింది. లారీ ఇంకా లేస్తూనే ఉంది...