ఊపిరి తగిలిన స్ఫటికం

ఆ శనివారం పొద్దున ఓనా బంగాళాదుంప అట్లు వేస్తోంది. భర్త యుస్తినస్ బల్ల ముందు కూర్చుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుని, మీగడ ఏదని అడిగాడు.

"కిటికీనే అడుగు, తెచ్చిపెడుతుంది. ఇన్నేళ్ల కాపురంలో నా మొహం చూసి ఒక్క మాటన్నా మాట్లాడావా?" అంది ఓనా.

పాపం, అతనేం చేస్తాడు! విల్నియస్ నగరంలో లేజర్ల కోసం స్ఫటికాలు సానపట్టి రిటైరయిన మనిషి. ఊపిరి చెమ్మ తగిలితే చాలు మసకబారిపోయే స్ఫటికాలవి. వాటి దగ్గర మాట్లాడాలంటే ముఖం పక్కకు తిప్పుకోవాల్సిందే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది.

ఇంతలో కూతురు ఔష్రా వచ్చి చిన్న డబ్బా బల్ల మీద పెట్టింది. తండ్రి పనిచేసిన కంపెనీలోనే పని నేర్చుకుని, ఈ వసంతంలో బయటికొచ్చి, దానికి వీధి అవతలే సొంత లేజర్ల కంపెనీ పెట్టుకుంది. ఆనాటి నుంచీ యుస్తినస్ ఆ కొత్త కంపెనీ పేరు పలకలేదు. "నీ కొట్టు" అంటాడంతే.

"నాన్నా, మా మొదటి లేజరు సోమవారం జపాన్ వెళ్లాలి. అందులో పెట్టాల్సిన ఈ స్ఫటికం మీద గీత పడింది. నీ చెయ్యి పడితే తప్ప పోదు," అంటూ మూత తీసింది.

"నీ కొట్టులో యంత్రాలు లేవూ?"

"నీ చెయ్యి యంత్రానికెక్కడిది?"

"కాకా పట్టకు!" యుస్తినస్ లేచి, ఆమె ముఖంలోకి సూటిగా చూస్తూ అరిచాడు. "అన్నం పెట్టిన కంపెనీకే పోటీ పెడతావా? వాళ్లకి నా మొహం ఎలా చూపించను?"

స్ఫటికం ఇద్దరి మధ్యా ఉంది. దాని మీద తెల్లటి పొర కమ్మింది.

"ఇంకోటి లేదు నాన్నా," అంది ఔష్రా, ఏడుపు ఆపుకుంటూ.

ఓనా పొయ్యి కట్టేసింది. "నువ్వు ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగం వదిలేసి, నలుగురితో కలిసి ఆ కంపెనీని మన గ్యారేజీలో మొదలుపెట్టలేదూ? ఆనాడు నీకు పని నేర్పిన అక్కడి పెద్దాయన నిన్ను తిట్టాడా? ఊళ్లో ఇన్ని కంపెనీలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

ఆ పెద్దాయన తిట్టకపోగా, తన సొంత సానపళ్లెం మోసుకొచ్చి ఇచ్చి వెళ్లాడు. అది ఇంకా గ్యారేజీలోనే ఉంది. సిగ్గుతో యుస్తినస్ ప్రాణం చచ్చిపోయినట్టయింది.

డబ్బా తీసుకుని గ్యారేజీలోకి నడిచాడు. ఔష్రా వెనకే వెళ్లింది. మధ్యాహ్నం దాకా ఆ పళ్లెం మీదే, చుక్క చుక్క నూనె వేస్తూ సానపట్టాడు. చివరికి మసకా పోయింది, గీతా పోయింది.

ఎవరి కోసం సానపట్టారో డబ్బా మీద పెన్సిలుతో రాయడం ఆ పనివాళ్ల ఆనవాయితీ. యుస్తినస్ మూత బిగించి, పెన్సిలు తీసుకుని, కూతురి వైపు పూర్తిగా తిరిగాడు.

"మీ కంపెనీ పేరేంటమ్మా? ఒక్కో అక్షరం చెప్పు, తప్పు రాయకూడదు."

ఔష్రా మొదటి అక్షరం చెప్పింది, అంతే. చటుక్కున ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చేసింది.

"పిచ్చిదానా, మూత పెట్టేశానుగా," అన్నాడు యుస్తినస్, తనూ కళ్లు తుడుచుకుంటూ. "ఇటు తిరిగి ఏడు."