పాత అకౌంట్‌లో కొత్త ఫొటో

శవం వంటగది గుమ్మంలో పడి ఉంది. స్టవ్ మీద పాలు మాడి గిన్నెకు అంటుకుపోయాయి.

మెడ మీద వేళ్ల గుర్తులు. తలుపు గడియ మాత్రం చెక్కుచెదరలేదు. అది పిల్ల బడి నుంచి వచ్చే వేళ. చప్పుడు వినగానే ఆమే తలుపు తీసి ఉంటుంది.

చనిపోయినామె లాండ్రీలో ఇస్త్రీ చేసేది. భర్త దెబ్బలకు తాళలేక, ఎనిమిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని కొన్ని నెలల కిందట ఈ ఊరు వచ్చేసింది. ఫోన్ నంబర్ మార్చింది. అడ్రస్ తెలిసినవాళ్లు ఇద్దరే. తల్లి, తమ్ముడు.

భర్త ఆ సాయంత్రమే బస్టాండులో దొరికాడు. నేరం ఒప్పుకున్నాడు. ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

"అడ్రస్ ఎవరిచ్చారు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

అతను నవ్వాడు. "వాళ్లింట్లోంచే వచ్చింది మేడమ్. వెతుక్కోండి."

ఇల్లు రెండు ముక్కలవడానికి ఆ మాట చాలింది.

తల్లి కాల్ రికార్డులో అల్లుడి నంబర్ బయటపడింది. ఇన్‌స్పెక్టర్ ఆమెను కూర్చోబెట్టి అడిగింది.

"ఎన్నిసార్లు మాట్లాడారు?"

"రెండుసార్లు. అది ఇల్లు వదిలిన కొత్తలో."

"ఎందుకు?"

"మారాడేమోనని ఆశ. పిల్ల ఎలా ఉందని ఏడ్చాడు. బాగుందన్నాను."

"ఇంకేం చెప్పారు?"

"ఊరి పేరు కూడా నోట్లోంచి రానివ్వలేదు తల్లీ. నా పిల్ల మీద ఒట్టు."

తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఒట్టేసుకోడానికి నీకు పిల్లెక్కడుందమ్మా?" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత తల్లితో మాట్లాడటం మానేశాడు.

ఇన్‌స్పెక్టర్‌కు మనసు ఒప్పలేదు. ఫోన్లో చెప్పింది తల్లే అయితే, రెండో కాల్‌కూ హత్యకూ మధ్య అన్నాళ్లు ఎందుకు ఆగాడు?

భర్త ఇంట్లో సోదా చేసినప్పుడు తీసిన వీడియో మళ్లీ పెట్టుకుంది. బీరువా, మంచం, సోఫా. హాల్లో టీవీ ఆన్‌లో ఉంది. తెర మీద కుటుంబం ఫొటోలు ఒకటొకటిగా మారుతున్నాయి. పెళ్లి. ఉయ్యాల. పిల్ల సైకిలు. పిల్ల నవ్వు.

వీడియో ఆపింది. ఆ నవ్వులో ముందు పన్ను లేదు.

పిల్ల దగ్గరికి వెళ్లి అడిగింది. "పన్ను ఎప్పుడూడిందమ్మా?"

"ఇక్కడికొచ్చాకే. స్కూల్లో ఊడింది. అమ్మ నా టాబ్‌తో ఫొటో తీసింది."

మర్నాడు తల్లినీ తమ్ముణ్నీ హత్య జరిగిన ఇంట్లోనే కూర్చోబెట్టింది. పిల్ల లోపలి గదిలో ఉంది. టాబ్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవరు కొన్నారు?"

"నేనే," అన్నాడు తమ్ముడు.

"లోపల అకౌంట్?"

"పాతదే. పెళ్లయిన కొత్తలో అక్కకీ బావకీ కలిపి నేనే తెరిచాను. కొత్త టాబ్‌లో ఆట తెరిస్తే తను కట్టుకున్న ఇల్లు పోయిందని పిల్ల ఒకటే ఏడుపు. ఆ పాత అకౌంట్‌తోనే లాగిన్ చేసిచ్చా. ఆట వచ్చాక లాగౌట్ చేద్దామనుకున్నా."

"చేశారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"టాబ్‌లో తీసిన ప్రతి ఫొటో దానంతటదే క్లౌడ్‌లోకి, ఆ అకౌంట్‌లోకి వెళ్లింది. తీసిన చోటుతో సహా. అదే అకౌంట్ ఆయన టీవీలోనూ తెరిచే ఉంది. ఆయన ఎవర్నీ అడగలేదు. సోఫాలో కూర్చుని చూశాడు, అంతే." ఇన్‌స్పెక్టర్ తమ్ముడి వైపు తిరిగింది. "మీ అమ్మగారు ఏమీ చెప్పలేదు."

అతను కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు.

"ఆఫీసులో నా పనే ఇది మేడమ్. పాస్‌వర్డ్‌లు మార్చుకోండని రోజూ పదిమందికి చెబుతాను."

ఉన్నట్టుండి టాబ్ అందుకున్నాడు. "తీసేస్తాను. అన్నీ తీసేస్తాను."

ఇన్‌స్పెక్టర్ అతని మణికట్టు పట్టుకుంది. "వద్దు. కోర్టుకు కావాలి. ఆ తర్వాత పిల్లకు కావాలి. పాస్‌వర్డ్ మార్చేశాం. ఇక ఆయనకు ఏదీ కనిపించదు."

తల్లి లేచి కొడుకు దగ్గరికొచ్చింది. అతను తలెత్తలేదు.

"నన్ను కొట్టమ్మా."

ఆమె కొట్టలేదు. మోకాళ్ల నొప్పి ఓర్చుకుంటూ అతని పక్కనే నేల మీద కూర్చుంది.

"నువ్వు పిల్ల ఏడుపు చూడలేకపోయావు. నేను వాడి ఏడుపు నమ్మాను. దానికి మంచే జరగాలనుకున్నాం కదరా ఇద్దరం."

అప్పుడు ఏడ్చాడు అతను. అక్క పోయిన దగ్గర్నుంచి మొదటిసారి.

గది తలుపు తెరుచుకుంది. పిల్ల గడపలో నిలబడి ఇన్‌స్పెక్టర్ వంక చూసింది.

"అమ్మ తీసిన ఫొటోలు ఉంటాయా?"

"ఉంటాయమ్మా."

"ఆయన చూడడుగా?"

"చూడలేడు."

పిల్ల మామయ్య దగ్గరికి నడిచింది. అతను చేతులు చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. పిల్లే వచ్చి అతని ఒళ్లో కూర్చుని, భుజానికి తల ఆనించుకుంది.

టాబ్ సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదు.